ఆరో కాపీ

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు అడిగే ప్రశ్న, దీన్ని ఎవరు మోయాలి అని. అది ఏం పని చేస్తుంది, ఎంత బాగా చేస్తుంది అన్నవి తరువాత అడిగేవాళ్లం, ఒక్కోసారి అసలే అడిగేవాళ్లం కాదు. మొన్న మా మనవరాలు ఫోన్‌లో రెండు లాప్‌టాప్‌ల బొమ్మలు చూపించి, "తాతయ్యా, ఇది సన్నగ, తేలికగ ఉంటది. ఇదేమో బరువు, కని పని మస్తు చేస్తదట. ఏది తీస్కోవాలె?" అని అడిగినప్పుడు నాకు ఆ ప్రశ్నే గుర్తుకొచ్చింది. లేచి, అలమారులో వరుసగా పేర్చుకున్న పాత డైరీల్లోంచి బూడిదరంగు అట్టది ఒకటి తీశాను. (ఆమె వెంటనే ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టింది. నేను డైరీ తీశానంటే గంట పడుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు.)

ఆ డైరీ ఎనభైలలోది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. గట్టిగా గాలి వీస్తే గోడ పట్టుకుని నిలబడేంత బక్కగా ఉండేవాణ్ణి. సూర్యాపేటలో ఇళ్ల స్థలాల సర్వే కోసం తెరిచిన ఒక చిన్న ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఆరునెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు. మా క్యాంపు ఒక వారం కోదాడలో, ఒక వారం మిర్యాలగూడలో. పల్లెల్లో, తండాల్లో గుడిసెలు వేసుకుని ఉంటున్నవాళ్ల వివరాలు మావాళ్లు రాసుకొస్తే, నేను మనిషికొక కాగితం టైపు చేయాలి. ఆ కాగితంలో ఉన్న మనిషికే పట్టా వస్తుంది. మధ్యమధ్యలో మసి కార్బన్లు పెట్టి, ప్రతి కాగితానికీ ఆరు కాపీలు. అసలుది జిల్లాకు, రెండోది మండలాఫీసుకు, మూడోది మా ఫైలుకు, నాలుగోది, ఐదోది ఎక్కడికో (ఎక్కడికని అడిగితే "పైకి" అన్నారు), ఆరోది ఆ మనిషి చేతికి.

చేరిన మొదటిరోజే స్టోరు చూసే ముసలాయన నన్ను లోపలి గదికి తీసుకెళ్లి రెండు టైపు మిషన్లు చూపించాడు. ఒకటి నల్లటి ఇనుప ముద్ద. దాన్ని పక్కకు జరపబోతే అది జరగలేదు, నేనే జరిగాను. రెండోది చిన్నది, పిడి ఉన్న పెట్టెలో ఒదిగి కూర్చుంది. పెద్దది ఒక్క దెబ్బకు ఆరు కాపీలూ దింపుతుందని, చిన్నదాని దెబ్బలో అంత సత్తువ లేదని ఆయన చెప్పాడు. నేను ఆ సాయంత్రమే డైరీలో గీతలు గీసి పట్టిక వేశాను. ఇప్పటికీ ఉంది. బరువుకు పది మార్కులు, బస్సు ఎక్కించడానికి పది, చూపుకు అయిదు, కాపీల నాణ్యతకు రెండు. చిన్నది గెలిచింది. గెలవాలనే ఆ మార్కులు వేశానని ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్లకు పైనే పట్టింది.

మర్నాడు పెట్టె చేతికిస్తూ స్టోరాయన, "మోసేది నువ్వు, కొట్టేది నువ్వు, నాకేం పోయింది. కని సివరి కాపీ జర సూసుకుంట ఉండు," అన్నాడు. నాకంటే ముందు దీన్ని ఎవరు వాడారని అడిగాను. ఆయన ముందు గది తలుపుకు తాళం వేశాడు. "ఒక పిలగాడుండె. పాలకీడు దిక్కు క్యాంపుకు పోయొచ్చిండు. మిషన్ తెచ్చి గీడ పెట్టిండు. ఇగ మల్ల రాలే." అంతే చెప్పి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

పెట్టె తేలికగా ఉందన్నమాట నిజం. కోదాడ బస్సులో ఒకాయన నన్ను క్షురకుడనుకుని గడ్డం ముందుకు చాపాడు, మిర్యాలగూడ బస్సులో ఒకామె పెట్టెలో పాముందా అని అడిగి సీటు మారింది. అయినా నాకు గర్వంగానే ఉండేది. కాకపోతే ఆ మిషన్‌కు ఒక గుణం ఉంది. టైపు చేస్తుంటే అది నడిచేది. బల్ల ఈ చివర మొదలుపెడితే, కాగితం అయ్యేసరికి ఆ చివరకు చేరేది. నేను దానివెంట కుర్చీ జరుపుకుంటూ పోయేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి వెళ్లొచ్చేసరికి, ఎవరూ ముట్టకుండానే అది జానెడు జరిగి, కిటికీ వైపు తిరిగి ఉంది. పక్కనే రైసుమిల్లు ఉంది, అది తిరిగితే మా గోడలు, బల్లలు అన్నీ సన్నగా వణికేవి. కారణం అదేనని డైరీలో రాసుకున్నాను. రాసుకుని, మిషన్‌ను నులకతాడుతో బల్లకోడుకు కట్టేశాను. మా అటెండరు కోదాడ మనిషి, మేమందరం బాబాయి అని పిలిచేవాళ్లం. ఆయన ఏమీ అడగకుండా ఒక నిమ్మకాయ తెచ్చి దానిముందు పెట్టాడు. నేనూ తీయలేదు.

మా హెడ్ క్లర్క్ గారిని వెనక మూలసారు అనేవాళ్లం. సంతకాలు పెట్టాల్సిన కాగితాల కట్టను ఎప్పుడూ విప్పేవాడు కాదు. కింది మూలలు మాత్రం బొటనవేలితో ఒక్కొక్కటే పైకి లేపి, చర్రుచర్రున ఆరు సంతకాలు చేసేవాడు. వెనకాలే బాబాయి ఆ మూలల మీదే సీలు కొట్టేవాడు. నేనూ తక్కువవాణ్ణి కాను. పైకాగితం చదువుకుని, కింది అయిదింటిని దాని మీది నమ్మకంతో విడదీసి కట్టలు కట్టేవాణ్ణి. అలా ముగ్గురం కలిసి నాలుగునెలల పాటు ఆరో కాపీ ముఖం చూడలేదు.

ఎండలు ముదిరాక మనుషుల్లో ఏదో తేడా కనిపించింది. మిర్యాలగూడ క్యాంపుకు వచ్చే తండావాళ్లు నన్ను చూడగానే మాటలు ఆపేసేవాళ్లు. ఒక తల్లి తన పిల్ల కళ్లకు కొంగు అడ్డం పెట్టింది. కాగితం ఇస్తుంటే ఒకాయన చేత్తో తీసుకోలేదు, చేతిగుడ్డ పరిచి అందులో వేయమన్నాడు. చివరికి బాబాయి తలుపు దగ్గరగా వేసి నా పక్కన కూర్చున్నాడు.

"బాబూ, ఒక మాట చెప్తా, కంగారు పడమాకు. మనమిచ్చే కాగితాల్లో ఏమీ ఉండట్లేదంట. సీలు ఉంటుందంట, సారు సంతకం ఉంటుందంట, మనిషే ఉండట్లేదంట."

పాలకీడు దాటాక ఉన్న ఒక తండాలో మొట్టమొదట కాగితం అందుకున్న ముసలాయన వారం తిరక్కుండా పోయాడట. (ఆయనకు ఎనభై దాటాయి, మా సర్వే మొదలుకాకముందే మంచం పట్టాడు. ఇవన్నీ నేను డైరీలో వరుసగా రాసుకున్నాను. రాసుకున్నాక కూడా వీపు చల్లగానే ఉంది.) బాబాయి వెళ్లాక, ఆ పొద్దుటే కొట్టిన కట్టలోంచి ఆరో కాపీ లాగి వెలుతురుకు పట్టి చూశాను. తెల్లగా ఉంది. కింది మూలలో నీలి సంతకం, ఎర్ర సీలు. వాటిపైన నిండు కాగితం, అందులో ఎవరూ లేరు.

చిన్న మిషన్ దెబ్బకు ఆరో కాగితం మీద కార్బన్ మసి అంటడం లేదు. ఇందులో వింతేమీ లేదని నాకు వెంటనే అర్థమైంది. భయం వేరే. ఆ నెలాఖరుకే నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం పైకి వెళ్లాలి. అందుకని మూలసారుకు చెప్పకుండా ఒక ఉపాయం పన్నాను. అన్నిటికంటే ఎక్కువ భయపడుతున్న ఆ తండాకు వెళ్లి ఖాళీ కాగితాలు వెనక్కు తీసుకుని, అక్కడికక్కడే వాటి మీదే (సంతకం, సీలు ఎలాగూ ఉన్నాయి) వివరాలు కొట్టి ఇచ్చేయాలి. మిషన్ తేలికది కదా, ఒక్కణ్ణే మోసుకుపోగలను. నా తెలివికి నేనే మురిసిపోయి, శుక్రవారం మా ఫైలు కాపీల కట్ట చంకన పెట్టుకుని, పెట్టె పట్టుకుని బయలుదేరాను.

పాలకీడులో బస్సు దిగి నడిచేసరికి మిట్టమధ్యాహ్నమైంది. దారిలో ఒక్క మనిషి ఎదురు కాలేదు. నా నీడ నా చెప్పుల కిందికి దూరిపోయింది. తండాలో అడుగుపెడితే అలికిడి లేదు. అందరూ కూలికి పోయి ఉంటారని తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ నిశ్శబ్దం తగ్గలేదు. తలుపులన్నీ దగ్గరగా వేసి ఉన్నాయి. ప్రతి తలుపు మీద, వేపమండతో కలిపి కట్టిన తెల్లకాగితం ఒకటి వేలాడుతోంది. నేను కొట్టినవే. ఇంట్లో పెట్టుకోవడానికి భయపడి, పారేస్తే సర్కారు ఏమంటుందోనని భయపడి, గడప బయట కట్టేశారు. వేడిగాలి వచ్చినప్పుడల్లా అవన్నీ ఒక్కసారిగా లేచి, మళ్లీ ఒక్కసారిగా పడుకుంటున్నాయి.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. సర్... సర్... ఆగి, మళ్లీ సర్... కాగితం మీద ఏదో రుద్దుతున్న చప్పుడు. చివరి గుడిసె ముందు పందిరి కింద, ఆరిన పొయ్యి పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. వేళ్ల నుంచి మోచేతుల దాకా బూడిద. ఒళ్లో మా కాగితం. పిడికెడు బూడిద దాని మీద చల్లి అరచేత్తో నిదానంగా రాస్తోంది. రాసినకొద్దీ, ఏమీ లేని ఆ కాగితంలోంచి అక్షరాలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి.

నేను పెట్టె కింద పెట్టకుండానే నిలబడిపోయాను. ఆమె తల ఎత్తి, నన్నెప్పటినుంచో ఎదురుచూస్తున్నట్టు, "వచ్చినవా బిడ్డా, కూసో," అన్నది. ఏ పని మీద వచ్చానో అడగనైనా లేదు. నాకు తెలిసిన ధైర్యం ఒక్కటే, ఫైలు తెరవడం. నీ పేరేమిటి అవ్వా అని అడిగి, కట్ట విప్పి, ఆమె చెప్పిన పేరు వెతికాను. దొరికింది. పేరు, భర్త పేరు, తండా పేరు. ఆమె పేరుకెదురుగా, నా మిషన్ మీద నేను కొట్టిన అక్షరాల్లో: మరణించినారు.

ఆ క్షణంలో నాకు నా కాగితం తప్పేమో అన్న అనుమానం రాలేదు. ఇది నేను దాచుకోకూడని నిజం. ఎదురుగా కూర్చుని, ఊపిరి పీలుస్తూ, నన్ను కూర్చోమంటున్న మనిషి మీదే నాకు అనుమానం వచ్చింది.

"అవ్వా," అన్నాను. "నువ్వు... ఎన్నడు సచ్చిపోయినవ్?"

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. బూడిద కాగితం నా వైపు చాపింది. "నువ్వు సదువుకున్నోని లెక్క ఉన్నవ్. గిది సదువు. ఏమున్నదో సెప్పు."

బూడిదలోంచి లేచిన అక్షరాల్లోనూ అదే మాట ఉంది. నేను చదవలేకపోయాను. "నువ్వు గీడనే ఉంటున్నవని రాసి ఉన్నది అవ్వా," అన్నాను.

"పాలకీడు పంతులు సచ్చిపోయిన్నని సదివిండు," అన్నది ఆమె నెమ్మదిగా. "ఇద్దరు సదువుకున్నోళ్లు, ఒక్కటే కాగితం. ఎవరిది నమ్మాలె బిడ్డా?"

డైరీ తీశాను. ఆమె కాగితం కొట్టిన రోజు వెతికి పట్టుకున్నాను. అక్కడుంది అంతా. భర్త పేరు పక్కన పడాల్సిన 'మరణించినారు' పొరపాటున ఆమె పేరు పక్కన పడింది. ఆరోజే చూసుకున్నాను. పైకాగితం మీద చెరిపి, కింది కాపీల మీద ముద్ద పడకుండా మధ్యలో ఒక చీటీ అడ్డం పెట్టి, సరైన మాట కొట్టాను. కింది అయిదూ తీరిగ్గా చేత్తో దిద్దుదామనుకున్నాను. ఆ సంగతి మరిచిపోకుండా డైరీలో కూడా రాసుకున్నాను: 'రేపు దిద్దాలి.' మర్నాటి పేజీలో కోదాడ బస్సు ఆలస్యం గురించి, హోటల్లో ఇడ్లీల గట్టితనం గురించి ఉంది. దిద్దడం గురించి లేదు. జిల్లాకు పోయిన ఒక్క కాగితంలో ఆమె బతికి ఉంది. మండలాఫీసుకు పోయినదాంట్లో లేదు. పట్టాల జాబితా తయారయ్యేది ఆ రెండో కాపీ చూసి. సోమవారం జాబితా ఖాయం చేస్తారు. ఆ తరువాత ఆ గుడిసె, ఆ పందిరి, ఆ పొయ్యి ఉన్న జాగా ఎవరిదీ కాదు.

"గిదేం రాసుకున్నవ్?" అని ఆమె ఆ పేజీ మీద వేలు పెట్టింది. బూడిద అంటుకుంది. దాచలేదు, మొత్తం చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"సచ్చినదాని చేతి నీళ్లు దాగుతవా?"

తాగాను. (ఆనాటి డైరీలో ఉంది: రెండు చెంబులు.) ఆ బూడిద సంగతి అడిగితే, ఖాళీదే కదా అని ఆ కాగితంతో పొయ్యిలో బూడిద ఎత్తుతుంటే అక్షరాలు లేచాయట. మొదట తనూ జడుసుకుందట, రాలిపోతే మళ్లీ మళ్లీ రాసి చూసుకుందట. (మసి అంటకపోయినా అక్షరాల నొక్కు కాగితంలో ఉంది, బూడిద అందులో నిలిచింది.) తరువాత తండాలో కొందరి కాగితాలకూ అలాగే బూడిద రాసి పంతులుతో చదివించింది. వాళ్లందరి పేర్లూ వచ్చాయి, వాళ్లంతా బతికే ఉన్నారు. తనొక్కతే లేదు.

ఇద్దరం వెంటనే మిర్యాలగూడకు బయలుదేరాం. నాలుగడుగులు వేయగానే ఆమె నా చేతిలోంచి పెట్టె తీసుకుని నెత్తిన పెట్టుకుంది, వద్దన్నా వినలేదు. కొంతదూరం పోయాక, "గింతేనా? దీనికన్న పెద్దది లేదా మీ దగ్గర?" అని అడిగింది. ఉందని, మంచిదని, బరువని తీసుకోలేదని చెప్పాను.

"మమ్ముల అడిగితే మేం మోయకపోతుమా బిడ్డా?" అన్నది, వెనక్కు తిరిగి చూడకుండా.

నా పట్టికలో ఆ గడి లేదు.

మూలసారు సంతకాల మీద ఉన్నాడు. ఆమెను చూసి, ఈమె ఎవరని అడిగాడు. మూడో కాపీ ప్రకారం ఎవరూ కాదు సార్ అన్నాను. పెట్టె, ఫైలు, బూడిద కాగితం ఆయన ముందు పెట్టి చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన అలవాటు కొద్దీ ఆ కాగితం మూల పైకి లేపాడు. తన సంతకం కనిపించింది. ఆ ఏడాదిలో మొదటిసారి కాగితం మొత్తం ఎత్తి చూశాడు. బూడిద ఆయన తెల్లచొక్కా మీద రాలింది, దులుపుకోలేదు.

"తప్పు ఎవరిదని రాయమంటవు?" అని అడిగాడు.

"నాదని రాయండి సార్."

ఆయన రాశాడు. దాని కింద ఇంకో రెండు వరుసలు కూడా రాసుకున్నాడు. అవి తన తప్పు గురించేనని తరువాత తెలిసింది. రెండో కాపీ తెప్పించి మాట దిద్ది, మూలలో కాకుండా దిద్దినచోటే నిండుగా సంతకం చేసి, ఆమె వేలిముద్ర వేయమన్నాడు. బూడిదవేలు సిరాలో ముంచడంతో ముద్ర నల్లగా కాక మసకగా పడింది. బాబాయి తుడవబోతే, ఉండనియ్యి అన్నాడు. నా ఉద్యోగం ఖాయం కావడం ఆరునెలలు వెనక్కు పోయింది. తండా కాగితాలన్నీ పెద్ద మిషన్ మీద మళ్లీ కొట్టాలని, అది తండాలోనే అందరి ముందూ జరగాలని ఆర్డరు వేశాడు.

సూర్యాపేటలో చిన్న పెట్టె వాపసు ఇస్తుంటే స్టోరాయన, "సివరి కాపీ సూసినవా?" అని మాత్రం అడిగాడు. (మా పాత టైపిస్టు పిల్లవాడు నాకు చాలా ఏళ్లకు మిర్యాలగూడలో కనిపించాడు. నిక్షేపంగా టైపు ఇన్‌స్టిట్యూటు నడుపుతున్నాడు. అందులో అన్నీ ఇనుప ముద్దలే.)

పెద్ద మిషన్ పాలకీడులో బస్సు దిగేసరికి తండా నుంచి నలుగురు వచ్చి ఉన్నారు, నులకమంచం తెచ్చారు. మిషన్‌ను మంచం మీద పెట్టి, దుమ్ము పడకుండా తెల్లబట్ట కప్పి, నాలుగు కోళ్లూ భుజాలకెత్తుకుని నడిచారు. ముందు అవ్వ, వెనక తల వంచుకుని నేను. ఎండలో ఎవరూ మాట్లాడడం లేదు. ఎదురొచ్చిన ఎడ్లబండి పక్కకు తప్పుకుంది. బండాయన దిగి, తలగుడ్డ తీసి చేత పట్టుకుని, అవ్వను మెల్లగా అడిగాడు, "ఎవరు పోయిండ్రమ్మా?"

"నేనే," అని అవ్వ ఆగకుండా నడిచింది.

బండాయన మళ్లీ బండి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. మూడురోజులు అదే మంచం పక్కన, రెండు రాళ్ల మీద పరిచిన బండమీద మిషన్ పెట్టి టైపు చేశాను. అది వెంట్రుకవాసి కదల్లేదు. ఆరో కాపీలు నల్లగా, నిండుగా వచ్చాయి. తలుపుల మీది తెల్లకాగితాలు విప్పేశారు. అవ్వ మాత్రం తన కొత్త కాగితం తీసుకుని, పొయ్యి దగ్గరికి పోయి, చిటికెడు బూడిద రాసి చూసుకున్నాకే లోపల పెట్టుకుంది. ఆ ఏడాదిలోనే పట్టా వచ్చింది.

ఇదంతా చెప్పి ముగించేసరికి మనవరాలి ఫోన్ నిండుగా ఛార్జి అయింది. డైరీలోని బూడిద మరకను కాసేపు చూసి, "మరి నన్నేది తీస్కోమంటవు తాతయ్యా? కాలేజీదాకా మోసేది నేనే గద," అన్నది. ఆమె తేలికదే తెప్పించుకుంది. వచ్చిన రోజు దాంట్లో ఏదో రాసి, పక్కింట్లో ప్రింటు తీయించి, బాగుందా అని నాకిచ్చింది. చదివాను, బాగుంది. చదివాక నాకు తెలియకుండానే కాగితం తిప్పి, వెనకవైపు బొటనవేలితో మెల్లగా తడిమాను. ఒక్క అక్షరం కూడా వేలికి తగల్లేదు. ఏం వెతుకుతున్నావని ఆమె అడిగింది. బరువుకు పది మార్కులు, కాపీలకు రెండు వేసిన ఆ బక్క కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఏం లేదన్నాను. కాగితం తిరిగి ఇవ్వబోతూ, ఎందుకైనా మంచిదని, దాని మూల పట్టుకోకుండా రెండు చేతులతో నిండుగా పట్టుకుని ఇచ్చాను.